ఎంత దూరమో అంత వెడల్పు

మొన్న కరీంనగర్ నుంచి ఒక అమ్మాయి బోథ్‌లో ఉన్న మా ఇంటికి వచ్చింది. మెడలో కెమెరా వేలాడుతోంది, రీలు వేసే పాతకాలం కెమెరా. ఈ రోజుల్లో రీలు ఎక్కడ దొరుకుతుందే అంటే ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటానంది. అంగళ్ళు, బస్టాండ్లు, బీడీలు చుట్టే వాడలు తిరిగి మనుషుల ఫోటోలు తీస్తుందట. మా బాపు, అంటే మా నాయన, తీసిన ఫోటో ఒకటి ఎవరి దగ్గరో చూసి, నా అడ్రసు పట్టుకొని, రెండు బస్సులు మారి వచ్చింది. మంచినీళ్ళు తాగకముందే అడిగేసింది. "అమ్మమ్మా, వైడ్ లెన్సు ఒక్కటే కొనగలుగుత. ట్వంటీ ఎయిట్ తీసుకోవాల్నా, థర్టీ ఫైవ్ తీసుకోవాల్నా? మీ బాపు దేనితోని తీసేటోడు?"

నాకు నవ్వాగలేదు. ఎనభై దాటినదాన్ని, ఈ మధ్య మోకాళ్ళ నొప్పుల గురించి తప్ప నన్నెవరూ ఏమీ అడగడం లేదు. పైగా సరిగ్గా ఈ ప్రశ్న మీదే మా ఇంట్లో ఎనిమిది రోజులు యుద్ధం జరిగింది. బాపు ఒక దిక్కు, నేను ఒక దిక్కు. మధ్యలో మా అవ్వ, నన్ను కన్నతల్లి, "మీ అద్దాల పంచాయితీ పాడుగాను, అన్నం సల్లగైతుంది రాండ్రి" అని కేకలు. ఆ పిల్లకు చాయ్ పోసి సగం కథ చెప్పాను. మిగతా సగం చెప్పకముందే ఆమె బస్సు వేళయింది. అందుకని రాస్తున్నాను.

అప్పుడు మేము మెట్‌పల్లిలో ఉండేవాళ్ళం. నాకు పంతొమ్మిదేండ్లు. మా బాపు రాజేశం. ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క ఫోటో స్టూడియో ఆయనది. ముందు గది స్టూడియో, వెనక గది సంసారం. పైన నాలుగు పెంకులు తీసేసి అద్దాలు పెట్టించాడు, ఆ వెలుతురే మా లైటు. గోడకు వేలాడే తెర మీద ఒక రాజమహలు, దాని మెట్ల మీద రెండు హంసలు. చుట్టుపక్కల ఊళ్ళ రైతులంతా ఆ రాజమహలు ముందు గోచి పంచెలతో బిగుసుకొని కూర్చొని ఫోటో దిగినవాళ్ళే. వంటింటి పోపు వాసనకూ, డార్క్‌రూములోని మందుల పుల్లటి వాసనకూ నడుమ ఒక గోనెపట్టా మాత్రమే అడ్డం. కొత్త చుట్టాలు మొదటి పూట మా ఇంట్లో అన్నం తినలేకపోయేవారు. మాకు మాత్రం ఆ రెండు వాసనలు కలిస్తేనే ఆకలయ్యేది. బాపు పొద్దున లేవగానే, పండ్లు కూడా తోముకోకముందే, అద్దాలు తుడిచేవాడు. మెత్తబడ్డ పాత పంచె ముక్క తీసుకొని, అద్దం మీద నోటి ఆవిరి పట్టి, చంటిపిల్ల మూతి తుడిచినంత మెల్లగా తుడిచేవాడు. నా మూతిని ఎన్నడూ అంత మెల్లగా తుడవలేదు. ఆ సంగతి ఆయన మొహం మీదే చాలాసార్లు అన్నాను.

నాది రిటచింగు పని. సన్నటి పెన్సిలుతో నెగటివ్ మీద గీసి మొహాల మీద అమ్మవారి మచ్చలు పోగొట్టేదాన్ని. ఆ తాలూకాలో కుదిరిన పెండ్లిళ్ళలో కొంత పుణ్యం నాది కూడా. కాని బాపు మనసు ఆ రాజమహలు దగ్గర ఉండేది కాదు. అంగడి రోజు రాగానే స్టూడియోకు తాళం వేసి, హైదరాబాదులో సెకండు హాండుకు కొన్న చిన్న జర్మనీ కెమెరా భుజాన వేసుకొని బయలుదేరేవాడు. ఎడ్ల బేరం చేసేవాళ్ళు, కుమ్మరి సారె, బీడీలు చుట్టే ఆడవాళ్ళు, బస్సు మీద మేకలను ఎక్కించేవాళ్ళు. ఆ ఫోటోలు ఎవరూ తీయమనలేదు, ఎవరూ కొనలేదు. పాత కాలెండర్ల వెనక అతికించి పెట్టుకునేవాడు. "కూసున్నోన్ని ఎవడన్న తీస్తడు బిడ్డా. పని జేసెటోన్ని తియ్యాలె. మనం ఆడ ఉన్నమన్న సంగతే వానికి యాదికుండద్దు" అనేవాడు. కాని ఆ కెమెరాకు ఉన్నది మామూలు లెన్సు, యాభైది. మా ఇరుకు గల్లీల్లో నలుగురు పట్టాలంటే వెనక్కి జరగాలి, జరగడానికి జాగ ఉండదు. అట్లా వెనక్కి జరిగీ జరిగీ ఒకసారి మోరీలో పడ్డాడు. కెమెరాను మాత్రం పైకెత్తి పట్టుకున్నాడు, దానికి చుక్క తడి అంటలేదు.

మాది నేతపని కుటుంబం. బాపుకు అన్న, మా పెద్దబాపు మల్లేశం, రెండు గల్లీల అవతల తాతల నాటి గుంత మగ్గం మీద నేసేవాడు. నేలలో గుంత తవ్వి, దాంట్లోకి కాళ్ళు దించి, గట్టు మీద కూర్చొని నేసే మగ్గం అది. బాపు కూడా పడుచుతనం దాకా ఆ గుంతలోనే నేశాడు. నిజాం పోయిన కొత్తల్లో ఇంట్లో చెప్పకుండా హైదరాబాదు పోయి ఫోటో పని నేర్చుకొని వచ్చాడు. వచ్చిన రోజునే పెద్దబాపు, "చేతుల పని ఉండంగ మంది మొకాలు అమ్ముకొని బతుకుతవారా?" అన్నాడట. మా బాపుకు కోపం ముక్కు మీద ఉండేది. "ఇగ గీ గుంతల కాలు వెడితె నన్ను రాజేశం అనకు" అని మగ్గం మీద చెయ్యి వేసి ఒట్టు పెట్టాడట. మగ్గం మీద ఒట్టంటే మా వాళ్ళకు దేవుని మీద ఒట్టుకన్నా గట్టిది. అసలే ఆ గుంతలో నేసేవాడు తప్ప ఇంకొకరు దిగేది లేదు. పిల్లలం ఆటలో కాలు జారి అందులో పడినా చెంపలు వాయించుకొని మొక్కాల్సిందే.

పదిహేనేండ్లు అన్నదమ్ములిద్దరూ మాట్లాడుకోలేదు. అట్లని రాకపోకలు ఆగలేదు. పండుగకూ, పెండ్లికీ, చావుకూ ఒకే చాప మీద కూర్చునేవారు. మాటలు మాత్రం ఆడవాళ్ళ మీదుగా నడిచేవి. "మీ మరిదికి జెప్పు, గా చెంబు ఇటియ్యుమని" అని పెద్దబాపు. "వదినె, మీ ఆయనకు జెప్పు, చెంబుల నీళ్ళు లెవ్వని" అని బాపు. చెంబేమో ఇద్దరి నడుమనే ఉండేది. పెద్దబాపు భార్య, మా రాజవ్వ పెద్దవ్వ, కొంగు నోటికడ్డం పెట్టుకొని నవ్వేది. ఒకరోజు విసుగొచ్చి, "నేను టపా బంట్రోతునా మీ ఇద్దరికి?" అని లేచిపోతే, అన్నదమ్ములు గంటసేపు గోడలు చూస్తూ కూర్చున్నారు.

ఆ ఏడు దసరాకు ఇంకా ఇరవై రోజులుందనగా, పెద్దవ్వ మా ఇంటికి వచ్చి అరుగు మీద కూలబడింది. వాళ్ళ కొడుకు శంకరన్న భీవండిలో కరెంటు మగ్గాల మీద పనిచేస్తున్నాడు. అందరినీ తీసుకుపోవడానికి వచ్చాడు. ఇక్కడ నూలు అందడం లేదు, పెద్దబాపుకు కండ్లల్లో పొర కమ్మి తెగిన పోగు కనపడడం లేదు. ఇంటికి బేరం కూడా కుదిరింది. కొన్నవాడు గుంత పూడ్చేసి కిరాణా దుకాణం పెట్టుకుంటాడట.

బాపు తుడుస్తున్న అద్దం కింద పెట్టాడు. "పండుగెల్లంగనే పోతరా వదినె?"

"గంతే మరిదీ. పూజ జేసి మగ్గం ఇప్పుతరట. ముప్పై ఏండ్ల సంది గా సప్పుడు వింటనే నిద్ర లేస్తున్న. ఇగ ఏ సప్పుడుకు లేస్తనో."

పెద్దవ్వ పోయాక బాపు అన్నం తినలేదు. చివరికి నన్ను పిలిచి అన్నాడు, "మగ్గం నడుస్తుండంగనే తియ్యాలె బిడ్డా. అన్న నేసుడు, వదినె కండెలు సుట్టుడు, శంకరు పోగులతుకుడు, ఇల్లంత ఒక్క ఫోటుల పడాలె. ఇప్పుడు తియ్యకుంటె ఇగ లేదు." యాభై లెన్సుతో ఆ గదిలో ఒక్క మనిషికి మించి పట్టదని మా ఇద్దరికీ తెలుసు. తెల్లారి మొదటి బస్సుకు హైదరాబాదు పోయాడు.

ఆబిడ్స్‌లో ఆయనకు తెలిసిన సేటు ఒకాయన దగ్గర వెడల్పు లెన్సులు రెండున్నాయి, రెండూ ఎవరో వాడి అమ్మినవే. బాపుకు ఒక్కటి కొనే తాహతే ఉంది. సేటు మంచివాడు. "దోనో లేజా రాజేశం, ఆఠ్ దిన్ మే ఏక్ వాపస్ కర్" అని, ఎనిమిది రోజుల్లో ఒకటి తిరిగిచ్చే మాట మీద రెండూ చేతిలో పెట్టాడు. బాపుది ఉర్దూ చదువు, అంకెలన్నీ ఉర్దూలోనే వచ్చేవి. ఇరవై ఎనిమిదిని అఠ్ఠాయీస్ అనేవాడు, ముప్పై ఐదును పైంతీస్. అంకె తగ్గినకొద్దీ వెడల్పు పెరుగుతుంది. ఒక్కొక్కదానికి కెమెరా నెత్తిన తొడిగే చిన్న చూపుడబ్బా కూడా ఉంది, దాంట్లోంచి చూస్తే ఫోటోలో ఎంత పడుతుందో తెలుస్తుంది.

ఆయన తిరిగొచ్చాక మా ఊరి అంగట్లో నేను అఠ్ఠాయీస్ డబ్బాకు కన్ను ఆనించి, "అబ్బో!" అని అరిచేశాను. మిరపకాయల రాసులు, గాజుల మలారం, హోటలు బోర్డు, ఎడ్లు, ఎడ్ల వెనక మనుషులు, మొత్తం మెట్‌పల్లి ఆ బుల్లి డబ్బాలో ఉంది. "గిదే బాపు, గిదే ఉంచుకో. ఎవ్వలు తప్పిపోరు" అన్నాను. బాపు అంగడంతా తిరిగి రెండింటితోనూ తీశాడు. ప్రింట్లు వేశాక ఒక్కొక్కటీ భూతద్దం పెట్టి చూశాడు. ఫోటో నడుమ ఉన్నవాళ్ళు మంచిగానే ఉన్నారు. అంచున కూర్చున్న గాజులామె మొహం మాత్రం, రొట్టెపిండిని ఒక పక్కకు లాగినట్టు సాగిపోయింది. ఆమె ఫోటో చూసుకుందామని వచ్చి, కాసేపు చూసి, "నా మొకం గిట్లున్నదా బిడ్డా? మా ఆయన జూస్తె ఇంట్లకు రానియ్యడు" అని పకపకా నవ్వింది. నవ్వింది గాని, పోయేటప్పుడు స్టూడియో అద్దంలో రెండుసార్లు చూసుకుంది. అది బాపు కంట పడింది.

"అంచుకు మనిషిని పెట్టకుంటె సరి" అన్నాను నేను.

"అంచుకు మనిషి లేకుంట గల్లీ ఎట్లుంటదే? పనిజేసెటోళ్ళే అంచులకుంటరు" అన్నాడు బాపు.

నేనేం తక్కువదాన్నా? పైంతీస్‌తో తీసిన ఫోటోలన్నీ ముందు పరిచి, దేంట్లో ఎవరు తప్పిపోయారో లెక్కచెప్పాను. ఇక్కడ ఎడ్లున్నాయి, యజమాని లేడు. ఇక్కడ తల్లి ఉంది, సంకన బిడ్డ సగమే ఉంది. ఆయనేమో, పైంతీస్ ఎక్కువ వెలుతురు పట్టుకుంటుంది, మగ్గం గది చీకటి గది, అక్కడ అఠ్ఠాయీస్‌కు చెయ్యి వణికితే బొమ్మ చెదురుతుంది అన్నాడు. నేను కాదంటాను, ఆయన అవునంటాడు. అన్నం దగ్గర కూడా అదే. అవ్వ చట్టి ఎత్తి నేలకు కొట్టబోయి, కొత్త చట్టి అని గుర్తొచ్చి ఆగిపోయింది.

ఐదో రోజున బాపు, పెద్దబాపు చేత్తో నేసిన అవ్వ చీర ఒకటి తీసుకొని, స్టూడియో వెనక గోడకు ఆ కొస నుంచి ఈ కొస దాకా మేకులతో బిగించి కట్టాడు. పన్నెండు మూరల చీర. మూర మూరకూ సున్నంతో చుక్క పెట్టాడు. తర్వాత గోడ దగ్గర నుంచి నేల మీద మోకాళ్ళ మీద పాకుతూ, మోచెయ్యి ఆనించి, వేలి కొస దగ్గర గీత గీసి, మళ్ళీ మోచెయ్యి ఆనించి, మూరలు కొలుస్తూ వెనక్కి వచ్చాడు. దారిన పోయేవాళ్ళు, "ఏం పారేసుకున్నవ్ రాజేశం?" అని అడిగారు. "పారేసుకోలే. దేవులాడుతున్న" అన్నాడు. ఆరు మూరల దగ్గర ఒక ఫోటో, ఎనిమిది దగ్గర ఒకటి, పది దగ్గర ఒకటి. ముందు పైంతీస్‌తో, తర్వాత అఠ్ఠాయీస్‌తో. మధ్యాహ్నం డార్క్‌రూములో దూరాడు.

కాసేపటికి తడి రీలు పట్టుకొని, చేతులు కూడా తుడుచుకోకుండా బయటకు ఉరికాడు. "బిడ్డా! ఎంత దూరమో గంతే వెడల్పే! జూడు. ఆరు మూరల కాడికెళ్ళి ఆరు మూరలు వడ్డది. ఎనిమిదికి ఎనిమిది. పదికి పది!" నేను రీలును వెలుతురుకు పట్టి సున్నపు చుక్కలు లెక్కపెట్టాను. నిజమే. అఠ్ఠాయీస్‌కు ఆరింటికి ఏడున్నర దాటి ఏదో చిల్లర వచ్చింది. "గీ చిల్లర లెక్క ఎవనికి యాదుంటది? గిది నేతగాని లెన్సు" అన్నాడు. ఆ నవ్వు మొహం ఇప్పటికీ నా కండ్లముందే ఉంది. కెమెరాలు చేసిన దేశం వాళ్ళు పుస్తకాల్లో ఏమేం లెక్కలు రాసుకున్నారో నాకు తెలియదు. ఎనిమిదో తరగతి దాటని మా బాపు మోచేత్తో నేల కొలిచి ఆ సంగతి పట్టుకున్నాడు. ఆ రోజు నుంచి ఆయన చూపుడబ్బాలో కన్ను పెట్టడం దాదాపు మానేశాడు. ఎదుటివాళ్ళకు తనెంత దూరంలో ఉన్నాడో మూరల్లో అంచనా కట్టి, ఫోటోలో ఏం పడుతుందో మనసులోనే కత్తిరించుకొని, కెమెరా ఎత్తిందీ దించిందీ తెలియకుండా తీసేవాడు. అంత చక్కటి పనివాణ్ణి నేను మళ్ళీ చూడలేదు. ఆ మాట ఆయన బతికుండగా ఒక్కసారన్నా చెప్పాల్సింది, చెప్పలేదు.

చెప్పకపోవడానికి కారణం కోపం. మరునాడే నాకు తెలియకుండా అఠ్ఠాయీస్‌ను దూదిలో చుట్టి, హైదరాబాదు బస్సు డ్రైవరు చేతికిచ్చి సేటుకు పంపించేశాడు. మగ్గం గదిలో రెండూ పెట్టి చూసి అప్పుడు తేల్చుకుందామని నేను ఎంత మొత్తుకున్నానో! రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. మాట్లాడకుండా ఉండడం మా వంశంలో అందరికీ పుట్టుకతో వచ్చిన విద్యే.

దసరా ఇంకా నాలుగు రోజులుందనగా పెద్దబాపు ఇంటికి పోయాం. గంజి వాసన, తడి నూలు వాసన, మగ్గం టక్కుటక్కు. గుంత వెనక గోడకు ఆనుకొని ఉంది. అక్కడి నుంచి పడుగు గది పొడవునా ఎదుటి గోడ దాకా సాగింది. ఆ కొసన శంకరన్న తెగిన పోగులు అతుకుతున్నాడు. ఎడమ దిక్కు, తలుపు వెలుతురులో, పెద్దవ్వ రాట్నం తిప్పుతూ కండెలు చుడుతోంది.

"వదినె, మీ ఆయనకు జెప్పు, నేనొచ్చిన్నని మగ్గం ఆపద్దని" అన్నాడు బాపు.

"మీ మరిదికి జెప్పు, ఎవలొచ్చినా నా మగ్గం ఆగదని" అన్నాడు పెద్దబాపు, పడుగులోంచి పోగు లాక్కుపోయే నాడెను విసురుతూనే.

బాపు తలుపు దగ్గర నిలబడి చూశాడు. పెద్దబాపు కనపడతాడు, పెద్దవ్వ మాత్రం తన కాళ్ళ దగ్గరే ఉండిపోయి ఫోటోలో పడదు. ఎదుటి గోడ దగ్గరికి పోయాడు. అక్కడి నుంచి మగ్గానికి వేలాడే దారాల అచ్చులు అడ్డం, పెద్దబాపు మొహం లేదు. కుడి గోడకు వీపు ఆనించాడు. అక్కడ ఒకరు పడితే ఒకరు పడరు. నేనిక ఆగలేకపోయాను. "నేను ముందుగాలనే జెప్పిన. అఠ్ఠాయీస్ ఉంటే తలుపు మూలకెళ్ళి అందరు పడుతుండిరి" అన్నాను. బాపు నా దిక్కు కూడా చూడలేదు. చెమట కారుతోంది. చివరికి, "వదినె, జర గింత, జానెడు ఇటు జరుగు" అన్నాడు. పెద్దవ్వ రాట్నం ఎత్తబోయింది.

మగ్గం ఆగింది. ఇల్లంతా చెవులు మూసినట్టయింది. "ముప్పై ఏండ్ల సంది ఆమె ఆడనే కూసుంటది" అన్నాడు పెద్దబాపు, ఎవరికి చెబుతున్నట్టో తెలియకుండా. "గా జాగల నేల గూడ అరిగింది. ఆమెను జరిపి తీస్తె గది మా ఇల్లెట్లయితది?"

"నిజమే అన్నా. తప్పయింది" అన్నాడు బాపు. పెద్దవ్వ మీదుగా కాకుండా నేరుగా అన్నాడు. శంకరన్న చేతిలో పోగు పట్టుకొని అట్లాగే నిలబడిపోయాడు.

పెద్దబాపు నాడెను పక్కన పెట్టాడు. తర్వాత పక్కన కట్టిన తాడు పట్టుకొని, ఒక్కొక్క కాలే పైకి తీసి, గుంతలోంచి బయటకు వచ్చాడు. "తమ్మీ. గిండ్ల కూసో. గీడికెళ్ళి జూస్తె ఇల్లంత కనవడ్తది. నాకిప్పుడు మసక మసక గొడ్తుంది గని, నా జిందగంత గీడికెళ్ళే జూసిన."

"నేను ఒట్టు వెట్టిన్నన్నా."

"దేని మీద వెట్టినవ్? గీ మగ్గం మీదనే గద! నాలుగు దినాలైతె మగ్గమే ఉండది, నీ ఒట్టు ఏడుంటదిరా? దిగు."

పెద్దవ్వ లేచి చెంబుతో నీళ్ళు తెచ్చి బాపు కాళ్ళ మీద పోసింది. బాపు మగ్గాన్ని ముట్టుకొని కండ్లకద్దుకొని గుంతలోకి కాళ్ళు దించాడు. కింద ఉన్న తొక్కుడు చెక్కలు ఆయన పాదాలకు వాటంతటవే తగిలాయి కాబోలు, ఒకసారి మెల్లగా తొక్కి వదిలాడు. వీపును గోడకు ఆనించి, చూపుడబ్బాలో కన్ను పెట్టకుండానే, "రాట్నం కాడికి ఆరు మూరలు. అటు మూడు, ఇటు మూడు" అని గొణుక్కున్నాడు. సరిగ్గా మూడో మూర దగ్గర పెద్దవ్వ రాట్నం ఉంది. శంకరన్న ఉన్నాడు. పడుగు మొత్తం ఉంది.

"అన్నా, నువ్వు పోయి వదినె పక్కన నిలవడు."

"నేనెన్నడన్న ఆడ నిలవడ్డన్నా? నా జాగ గిదే. ఆడ నిలవడితె అది నీ స్టూడియో ఫోటో అయితది" అని పెద్దబాపు గుంత గట్టు మీదే, బాపు భుజం పక్కన గొంతుక్కూర్చున్నాడు. పెద్దవ్వ మళ్ళీ రాట్నం తిప్పడం మొదలుపెట్టింది. ఒక కండె నిండగానే, మగ్గం దగ్గర కండె అయిపోయిందేమోనని తల ఎత్తి చూసింది, రోజూ చూసినట్టే. బాపు అప్పుడు మీట నొక్కాడు.

ఆ తర్వాత పెద్దబాపును ఒక్కడినే తీద్దామని నేను అన్నాను. "నాదెందుకు బిడ్డా? పొర గమ్మిన కండ్లు" అని చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. "భీవండిల ఆపరేషన్ జేపిచ్చుకో అన్నా. నేనే వచ్చి మంచిగ తీస్త" అన్నాడు బాపు. ఇక ఫోటోల మాట ఎవరికీ గుర్తులేదు. పదిహేనేండ్ల మాటలన్నీ ఆ ఒక్క పూటలోనే మాట్లాడుకున్నారు. నడుమ నడుమ పెద్దవ్వ, "నాకు జెప్పుండ్రి, నేను జెప్త" అని వెక్కిరించింది.

ఆ బొమ్మ మందునీళ్ళలో తేలడం నేనే చూశాను. ముందు పోగులు వచ్చాయి. కింది అంచు నుంచి మొదలై, ఒక్కొక్కటీ విడివిడిగా, గది పొడవునా పరుగెత్తాయి. తర్వాత శంకరన్న వచ్చాడు. చివరకు తలుపు వెలుతురులో పెద్దవ్వ మొహం వచ్చింది. అంచునే ఉన్నా ఎక్కడా సాగలేదు, ఎట్లున్న మొహం అట్లనే ఉంది. నేను రిటచింగు పెన్సిలు ముట్టుకోలేదు. వాళ్ళు పోయే రోజు బస్టాండులో ఫ్రేము కట్టించి ఇస్తే, పెద్దబాపు దాన్ని ముక్కుకు ఆనేంత దగ్గర పెట్టుకొని చాలాసేపు చూశాడు. "గిదే. గిట్లనే ఉంటది" అన్నాడు.

ఇప్పుడు మా మనవల ఫోన్లలో వెడల్పు మీట ఉంది. వేలు పెట్టి జరిపితే ఇల్లంతా పడుతుంది, పక్కింటి గోడ కూడా పడుతుంది. ఒక్క పెండ్లికి వెయ్యి ఫోటోలు తీస్తారు, తీసినవాళ్ళే మళ్ళీ చూడరు. తప్పని అనను. అప్పుడే అట్లాంటి ఫోనుంటే, బాపు ఎన్నడూ తీయని మా అవ్వ ఫోటో ఒక్కటైనా ఉండేది, రోజూ చూసుకునేదాన్ని కదా. కాని ఒక్క ఫోటో కోసం ఎనిమిది రోజులు తిండి తిప్పలు మానుకొని, నేల మీద పాకి మూరలు కొలిచినవాడు ఇప్పుడెవరున్నారు? ఎవరెంత దగ్గర నిలబడాలో, ఎవరిని జరపగూడదో తెలుసుకున్నాకే ఆయన కెమెరా ఎత్తాడు. ఆ ఓపికను తలుచుకుంటే నాకు ఇప్పటికీ గర్వంగా ఉంటుంది.

భీవండికి పోదామని బాపు ఏటా అనేవాడు. ఒక ఏడు పెండ్లిళ్ళ ఒత్తిడి, ఒక ఏడు అవ్వకు జ్వరం. వచ్చే ఎండాకాలం, వచ్చే ఎండాకాలం అంటూ మూడేండ్లు గడిచాయి. అప్పుడు టెలిగ్రాం వచ్చింది. పెద్దబాపు పోయాడని. నిజామాబాదులో రైలెక్కాం, బాపూ నేనూ. బాపు కిటికీ దిక్కు చూస్తూనే అన్నాడు, "ఊరందరి మొకాలు తీసిన. మా అన్న మొకం ఒక్కటి తియ్యకపోతి. నువ్వన్నట్టు అఠ్ఠాయీస్ ఉంచుకుంటే, తలుపు మూలకెళ్ళి అన్న గూడ వడుతుండె." అవును, నేను చెప్పలేదా అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. అక్కడే మింగేశాను గాని, మనసులో అనుకున్న మాట వాస్తవం.

భీవండిలో వాళ్ళది చాలీలో, కూలీలుండే ఇరుకు గదుల వరుసలో, ఒక్క గది. గోడ అవతల కరెంటు మగ్గాల మోత, గట్టిగా అరిస్తే తప్ప మాట వినపడదు. గుమ్మంలో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు గుసగుసలాడుతున్నారు. "బతికున్నోళ్ళ ఫోటుకు దండేసింది సూడు, గిదేం అరిష్టమో" అని. లోపల పీట మీద దీపం, దీపం వెనక ఆ ఫోటో. పోగులు, శంకరన్న, రాట్నం, తల ఎత్తి చూస్తున్న పెద్దవ్వ. దాని మీద బంతిపూల దండ.

బాపు లోపలికి రాకుండా గుమ్మంలోనే కూర్చున్నాడు. "వదినె, దండేద్దామంటె మా అన్నకు మొకమే లేకుంట జేసిన. తప్పు నాది. ఇంత మొగోన్ని, ఒక్క ఫోటో తియ్యకపోతి."

పెద్దవ్వ వచ్చి ఆయన పక్కన కూర్చుంది. కండ్లు ఎండిపోయి ఉన్నాయి. "మొకం నాకు యాదిలేదా మరిదీ? కండ్లు మూస్తె కనవడ్తది. మరి ఆయన ఏం జూస్కుంట బతికిండో గది నాకెట్ల ఎరుకైతది? నేను ఇటుదిక్కు కూసున్నదాన్నాయె. నువ్వు తీస్తె ఎరుకైంది. నన్నే జూస్కుంట బతికిండు."

నేను పీట దగ్గరికి పోయి చూశాను. అద్దం మీద బొట్టు ఎవరి నుదుటి దగ్గరా లేదు. ఫోటో కింది అంచున, బట్ట మొదలయ్యే చోట, నేసేటప్పుడు పెద్దబాపు రొమ్ము ఆనే చోట పెద్దవ్వ పెట్టించింది. బాపు చెప్పులు విడిచి వచ్చి ఆ బొట్టుకు తల ఆనించి మొక్కాడు. ఆయన లేచాక నేనూ మొక్కాను.